నాలుగున్నర బస్సు

పోయిన సెప్టెంబర్‌లో ఒక ఆదివారం. పొద్దున ఎనిమిది కూడా కాలేదు. మా అక్క బిడ్డ నుంచి ఫోన్. ఆదివారం ఆ టైమ్‌కి లేచే పిల్ల కాదు కాబట్టి, ఎత్తుతూనే నా గుండె గుబేలుమంది.

"చిన్నమ్మా, నేను టీసీ తీసుకొని ఇంటికొస్త. బాపుకు నువ్వే చెప్పాలె."

పిల్ల డిగ్రీ ఫస్టియర్. కాలేజీ హన్మకొండలో, మకాం హాస్టల్లో, ఊరు భూపాలపల్లి. మా బావ సింగరేణి కార్మికుడు. దోస్త్‌లో సీటొచ్చిన రోజు కాలనీ అంతా స్వీట్లు పంచాడు. ఇంట్లో డిగ్రీ దాకా వచ్చినవాళ్లలో నా తర్వాత ఈ పిల్లే. అందుకే ఇలాంటి కబుర్లు ముందు నాకొస్తాయి, తర్వాత ఆయనకు పోతాయి.

ర్యాగింగా అని అడిగాను. కాదంది. హాస్టల్ తిండా? "బానే ఉంటది, ఉప్పే తక్కువ." పాఠాలు అర్థం కావట్లేదా? "కొన్ని అయితయి, కొన్ని కావు." మరి టీసీ ఎందుకే? కాసేపు ఏం మాట్లాడలేదు. వెనక ఎవరో బకెట్ ఈడుస్తున్న చప్పుడు. ఆఖరికి చెప్పింది.

"ఐదు వారాలైంది చిన్నమ్మా. ఈడ నా పేరు ఎవ్వలకు తెల్వదు. అటెండెన్స్‌ల గూడ నంబరే పిలుస్తరు."

పెద్దవాళ్లు వింటే 'ఇదీ ఒక కారణమేనా' అంటారు. నేను అనలేకపోయాను.

మాది మానుకోట. కాగితాల్లో మహబూబాబాద్ అని ఉంటుంది గానీ మా ఇళ్లల్లో ఎవరూ అలా అనరు. డిగ్రీ మూడేళ్లూ పొద్దున రైలెక్కి వరంగల్ స్టేషన్‌లో దిగడం, అక్కడ సిటీ బస్సు పట్టుకొని హన్మకొండ పోవడం, సాయంత్రం మళ్లీ అదే దారి. బ్యాగులో సీజన్ టికెట్, కళ్లు గడియారం మీద. మూడున్నర అయిందంటే మనిషిని క్లాసులో ఉన్నా మనసు ప్లాట్‌ఫామ్ మీద ఉండేది. కాలేజీలో నాటకం వేశారట, వ్యాసరచన పెట్టారట, ఎవరో కవి వచ్చి గంటసేపు నవ్వించారట. నాకు అన్నీ 'అట'లే. మూడేళ్లలో ఒక్కటీ చూడలేదు.

ఫైనలియర్ అయిపోయాక టీసీ కోసం పోతే, నో డ్యూస్ కాగితం ఇచ్చి అన్ని చోట్లా సంతకాలు పెట్టించుకు రమ్మన్నారు. లైబ్రరీకి పోయాను. అదెక్కడుందో ఇంకొకరిని అడిగి పోయాను, అది వేరే సంగతి. లైబ్రేరియన్ సారు రిజిస్టర్‌లో నా పేజీ తీశాడు. తెల్లగా ఉంది. ముందుకు తిప్పాడు, వెనక్కి తిప్పాడు. కళ్లద్దాలు పైకి జరుపుకొని, "నువ్వు మన కాలేజేనా బిడ్డా?" అన్నాడు.

వెటకారం కాదు. నిజంగానే అడిగాడు. మూడేళ్లు ఫీజు కట్టిన కాలేజీలో నేను చుట్టపుచూపుగా వచ్చిపోయిన మనిషిని. అన్ని సంతకాల్లోకీ ఆ సంతకమే తొందరగా దొరికింది. ఒక్క పుస్తకమన్నా బాకీ ఉంటే కదా!

అందుకే పిల్లను తిట్టలేదు. బేరం పెట్టాను.

"దసరా దాకా ఉండు. ఈలోపల క్లాసు కాకుండా కాలేజీలో ఇంకో మూడు చోట్లకు పో. గెలిచే పని లేదు, మాట్లాడే పని గూడ లేదు. పోయి కూసొని రా. అప్పటికీ రావాలనిపిస్తే బావతో నేనే మాట్లాడత."

"ఏడికి పోవాలె?"

"అదే నువ్వు కనుక్కోవాల్సింది."

ఇది నా సొంత తెలివేం కాదు. పిల్లలు కాలేజీ మధ్యలో ఎందుకు మానేస్తారన్నదాని మీద విన్సెంట్ టింటో అనే అమెరికన్ సామాజిక శాస్త్రవేత్త 1975లోనే ఒక పెద్ద వ్యాసం రాశాడు. ఇంటి పరిస్థితి, అంతకుముందు చదివిన చదువు లెక్కలోకి వస్తాయి గానీ, కాలేజీలో చదువుతోనూ మనుషులతోనూ ఎంత కలిసిపోయారన్నది కూడా తేల్చేస్తుందని ఆయన వాదన. తర్వాత దాని మీద బోలెడు విమర్శలొచ్చాయి. క్యాంపస్‌లోనే ఉండి చదివేవాళ్లను చూసి చెప్పిన మాట, రోజూ ఇంటికి పోయొచ్చేవాళ్లకు ఎట్లా వర్తిస్తుందని అడిగారు. న్యాయమైన ప్రశ్నే. సాయంత్రం రైలు కోసం పరుగెత్తే పిల్ల ఎవరితో కలిసిపోవాలి?

మన దగ్గర కూడా కొత్త పిల్లల్ని కాలేజీకి ఎలా అలవాటు చేయాలో చెబుతూ యూజీసీ 2019లో 'దీక్షారంభ్' అని ఒక గైడ్ తెచ్చింది. మీ కాలేజీలో అది ఎన్ని రోజులు జరిగిందో మీకే తెలుసు. మా పిల్ల దగ్గర ఒక్క పూట జరిగింది. అందులో సగం శాలువాలకే పోయింది.

ఇక్కడ ఒక మాట సీరియస్‌గా. నేను రాస్తున్నది బెంగ గురించి. అది దాటి నిద్ర పట్టకపోవడం, తిండి సయించకపోవడం, బతకబుద్ధి కాకపోవడం దాకా పోతే దానికి ఈవెంట్లు మందు కాదు. టెలీమానస్ నంబర్ 14416. కేంద్ర ప్రభుత్వం 2022 అక్టోబర్‌లో మొదలుపెట్టింది. పైసా ఖర్చు లేదు, రాత్రీ పగలూ పనిచేస్తుంది, తెలుగులో మాట్లాడొచ్చు. ర్యాగింగ్ అయితే 1800-180-5522. రెండూ ఇప్పుడే సేవ్ చేసుకొని, తర్వాత కిందికి రండి.

మొదటి ప్రయత్నం లైబ్రరీ. గడప దగ్గరి నుంచే వెనక్కొచ్చింది, ఐడీ కార్డు హాస్టల్లో మర్చిపోయిందట. రెండోసారి కార్డు పట్టుకొని పోతే లంచ్ టైమ్, తలుపు మూసి ఉంది. మూడోసారి లోపలికి పోయింది గానీ ఏం అడగాలో తెలియక పేపర్ చదువుకొని వచ్చింది. "ఒకటి అయిపోయింది చిన్నమ్మా" అంది. సరే అని లెక్కలో వేసుకున్నాను.

నిజానికి లైబ్రరీలో పుస్తకం పేరు చెప్పి అడగాలని రూలేం లేదు. ఫస్టియర్ పిల్లలకు పుస్తకాల పేర్లు ఎక్కడ తెలుస్తాయి! "సార్, మా సబ్జెక్టులు ఇవి, పాత క్వశ్చన్ పేపర్లు ఎక్కడుంటయి?" అని అడగండి. ఆ కట్ట చాలా కాలేజీల్లో బీరువాలో ఉంటుంది, అడిగినవాళ్లకే బయటికొస్తుంది. బుక్ బ్యాంక్ ఉందా అని కూడా అడగండి. ఉంటే సెమిస్టర్ అంతా పుస్తకాలు మీ దగ్గరే పెట్టుకోవచ్చు.

రెండోదాన్ని ఆమె వెతుక్కోలేదు, అదే వెతుక్కుంటూ వచ్చింది. దసరా సెలవులకు ముందు కాలేజీలో బతుకమ్మ ఆడతారు కదా. హాస్టల్ వాట్సాప్ గ్రూపులో మెసేజ్ పడింది: బతుకమ్మ పేర్చడం వచ్చినవాళ్లు ఎవరైనా ఉన్నారా? చూసినవాళ్లు చాలామందే, పలికినవాళ్లు లేరు. మా పిల్లకు వచ్చు. మా అమ్మ నేర్పింది. తాంబాలంలో గుమ్మడాకులు పరిచి, తంగేడు ఒక వరస, గునుగు ఒక వరస, వరస వరసకూ లోపల ఆకు కూరి, కదిలించినా ఒరగకుండా పేరుస్తుంది. చేతులకు వచ్చు గానీ నోటికి భయం. రాత్రి పదకొండుకు టైప్ చేసి, చెరిపేసి, మళ్లీ టైప్ చేసి పంపిందట. 'నాకు వస్తది.'

తెల్లారేసరికి హాస్టల్లో పేరు తెలియనివాళ్లు లేరు.

మరి పువ్వులు? పండుగ ముందు హన్మకొండలో కొనాలంటే గునుగు కూడా బంగారమే. అప్పుడు ముందుకొచ్చింది ఈ కథలో రెండో పిల్ల. క్లాస్‌మేట్. జనగామ. జనగామ టౌన్ కూడా కాదు, అక్కడి నుంచి ఇంకా లోపలికి ఒక పల్లె. రోజూ పోయొస్తుంది. "మా చేన్ల గట్ల పొంట మస్తుంటది, నేను తెస్త" అని, తెల్లారి గోనెసంచి నిండా కోసుకొని రెండు బస్సులు మారి తెచ్చింది. సంచి వెనక మనిషి కనపడక కండక్టర్ "ఈ లగేజీ ఎవరిదమ్మా" అని అడిగితే, సంచే చెయ్యెత్తినట్టు ఆధార్ కార్డు చూపించిందట.

2023 డిసెంబర్ 9 నుంచి మహాలక్ష్మి పథకం కింద పల్లెవెలుగు, ఎక్స్‌ప్రెస్ బస్సుల్లో ఆడవాళ్లకు జీరో టికెట్. ఆ పథకం మీద మీకు ఏ అభిప్రాయమైనా ఉండొచ్చు. ఆ పిల్ల డిగ్రీ మాత్రం దాని మీదే నడుస్తోంది. రోజుకు నాలుగు బస్సులకు టికెట్ పెట్టాల్సి వస్తే వాళ్ల నాయిన ఇంటర్‌తోనే ఆపేసేవాడట. ఆ మాట ఆ పిల్లే చెప్పింది, బాధ లేకుండా, లెక్క చెప్పినట్టు.

బస్సుకు పైసలు లేకపోవచ్చు, టైమ్ మాత్రం ఉంటుంది. హన్మకొండ నుంచి జనగామ దాకా హైదరాబాద్ రూటు, బస్సులకు కొదవ లేదు. జనగామ నుంచి వాళ్ల ఊరికి పోయే ఆఖరి బస్సు ఉంది చూడండి, ఆమె కాలేజీ జీవితానికి అదే ప్రిన్సిపాల్. అది అందాలంటే హన్మకొండలో నాలుగున్నర బస్సులో ఉండాలి. కాలేజీలో ఏ కార్యక్రమమైనా మొదలయ్యేది నాలుగింటికి. క్లాసులు పోకూడదు కదా. అంటే ఆ పిల్ల వాటాకు వచ్చేది జ్యోతి వెలిగించడం ఒక్కటే. అగ్గిపుల్ల ఆరకముందే బ్యాగు భుజానేసుకోవాలి.

నా రైలు నాకు గుర్తొచ్చింది. ఇన్నేళ్లయినా ఆ గంట మారలేదు.

బతుకమ్మ మధ్యాహ్నం ఆడారు కాబట్టి ఆ రోజు మాత్రం ఇద్దరూ తనివితీరా ఆడారు. ఫొటోలు పంపారు. మా పిల్ల చెప్పుల్లేకుండా, కొంగు దోపుకొని, ఎవరికో చప్పట్లు ఎలా కొట్టాలో చూపిస్తోంది.

అయినా సెలవులకు ఇంటికి పోతూ బ్యాగు మొత్తం సర్దుకుపోయింది. పరుపు, బకెట్‌తో సహా. నాకు పై ప్రాణాలు పైనే పోయాయి. దసరాకు పోయిన ఫస్టియర్ పిల్లలు తిరిగి రావడమే వాళ్లు రాసే మొదటి పరీక్ష. సెలవులయ్యాక అదే బకెట్‌తో మళ్లీ హాస్టల్లో దిగింది. ఎందుకొచ్చావని నేను అడగలేదు. కొన్ని అడిగితే చెడిపోతాయి.

మూడోది హిస్టరీ డిపార్ట్‌మెంట్ క్విజ్. టీమ్‌లో ఇద్దరు సీనియర్లు, ఈమె. స్క్రీన్ మీద ఒక రాతిగుహ, గోడ మీద ఎర్రరంగుతో గీసిన జంతువుల బొమ్మలు. ఎక్కడివి?

ఈమెకు తెలుసు. పాండవులగుట్ట. భూపాలపల్లి జిల్లా రేగొండ మండలం. ఇంటికి పోయే బస్సు రేగొండ మీదుగానే పోతుంది. స్కూల్లో ఉన్నప్పుడు పిక్నిక్‌కు తీసుకుపోతే ఆ బండల కింద కూర్చొని పులిహోర తిన్నది. ఆదిమానవులు గీసిన ఆ బొమ్మల సంగతి 1990లో బయటపడింది. ఇదంతా తెలిసి కూడా నోరు తెరవలేదు. సీనియర్ 'భీమ్‌బెట్కా' అన్నాడు. అది మధ్యప్రదేశ్‌లో ఉంది, ప్రపంచ వారసత్వ జాబితాలో ఉంది, ఆ పేరు పుస్తకాల్లో ఉంటుంది. తప్పు. పక్క టీమ్‌కు పోయింది, వాళ్లకూ రాలేదు. ఆఖరికి క్విజ్ మాస్టరే జవాబు చెప్పాడు.

రాత్రి మళ్లీ ఫోన్, మళ్లీ ఏడుపు. "నోట్ల దాకొచ్చింది చిన్నమ్మా. మా ఊరి గుట్ట అది. మధ్యప్రదేశ్ అన్నడు."

నాకు లోపల సంతోషమేసింది. టీసీ కోసం ఏడ్చిన ఏడుపు వేరు, ఈ ఏడుపు వేరు. ఇది లోపలున్న మనిషి ఏడుపు.

పొద్దున్నే లైబ్రరీకి పోయింది. ఈసారి అడగడానికి ప్రశ్న ఉంది కదా. పాండవులగుట్ట మీద పుస్తకం కావాలంటే కాలేజీలో లేదన్నారు. కానీ హన్మకొండలోనే ఉన్న రాజరాజ నరేంద్ర ఆంధ్ర భాషా నిలయం గురించి చెప్పారు. 1904లో పెట్టిన లైబ్రరీ అది. నిజాం రాజ్యంలో తెలుగు పుస్తకం దొరకడమే గగనమైన రోజుల్లో పుట్టింది. ఆ రోడ్డు మీదుగా నేను మూడేళ్లు బస్సులో పోయాను. లోపలికి ఒక్కసారి పోలేదు. ఈ పిల్ల పోయింది, ఇద్దరు పిల్లలూ పోయారు. శనివారం, మధ్యాహ్నం దాకానే క్లాసులున్న రోజు చూసుకొని.

ఫోన్‌లో ఏం దొరుకుతుందో చూడమని నేను కూడా రెండు దారులు చెప్పాను. ఒకటి, నేషనల్ డిజిటల్ లైబ్రరీ. ఐఐటీ ఖరగ్‌పూర్ తయారుచేసింది, 2018 జూన్‌లో అందరికీ తెరిచారు, యాప్ ఉంది, ఫ్రీ. రెండోది, మీది గవర్నమెంట్ కాలేజో యూనివర్సిటీనో అయితే, వన్ నేషన్ వన్ సబ్‌స్క్రిప్షన్. 2025 జనవరి 1న మొదలైంది. ముప్పై పెద్ద పబ్లిషర్ల దాదాపు 13 వేల జర్నళ్లు దాంట్లోకి వస్తాయి. విడిగా కొనాలంటే ఒక్కో వ్యాసానికే వేల రూపాయలు అడుగుతారు. ఫస్టియర్‌లో అవి చదివితే సగం అర్థం కావు, ఒప్పుకుంటా. అయినా మీ లైబ్రరీలో లాగిన్ గురించి ఒకసారి అడిగి పెట్టుకోండి. ప్రభుత్వం డబ్బు కట్టేసింది. చదివేవాళ్లు లేరని రేపు లెక్క తేలితే, ఆపేయడానికి ఎంతసేపు?

ఆ వెతుకులాటలో ఆమెకు ఇంకొకటి దొరికింది. అర్ధరాత్రి మెసేజ్: 'చిన్నమ్మా, మా జిల్లా పేర్ల ఉన్న జయశంకర్ సార్ మా యూనివర్సిటీకే వీసీనా?' అవును మరి. 1976 ఆగస్టు 19న కాకతీయ యూనివర్సిటీ ఏర్పడింది. 1991 నుంచి 1994 దాకా ప్రొఫెసర్ జయశంకర్ దానికి వైస్ చాన్సలర్. 2016 అక్టోబర్ 11న కొత్త జిల్లాలు వచ్చినప్పుడు భూపాలపల్లికి ఆయన పేరు పెట్టారు. ఆధార్ కార్డు మీద ఒక సగం, మార్కుల మెమో మీద ఒక సగం పెట్టుకొని తిరుగుతున్న పిల్లకు రెండూ ఒకటేనని అప్పుడు తెలిసింది.

హిస్టరీ సార్ ఆమెను సెమినార్‌లో అయిదు నిమిషాలు మాట్లాడమన్నాడు. ఎప్పుడు? నాలుగింటికి.

ఇక్కడ మా పిల్ల చేసిన పని నేను మూడేళ్లలో చేయలేకపోయింది. "సార్, నాలుగింటికైతే మా దోస్తు ఉండదు. క్లాసుల ఇంకా పన్నెండు మంది అప్‌ అండ్ డౌన్ చేసేటోళ్లున్నరు. లంచ్‌ల పెట్టరాదుండ్రి?" అంది. లెక్కపెట్టుకొని మరీ పోయిందట.

సార్ ఒక నిమిషం ఆలోచించి, "ఇన్నేండ్లల్ల ఎవ్వలడగలేదు గదమ్మా" అని, ఒకటిన్నరకు మార్చాడు.

అడిగితే అన్నీ అయిపోతాయని చెప్పట్లేదు. అదే మాట కల్చరల్ కమిటీ దగ్గర అడిగితే కుదరదన్నారు, డాన్స్ ప్రాక్టీస్ ఇప్పటికీ సాయంత్రాలే. కానీ టైమ్ అనేది ఎవరో ఒక మనిషి పెట్టిందే, దేవుడు రాసింది కాదు అన్న సంగతి నాకు ఇరవై ఏళ్లు ఆలస్యంగా, ఒక ఫస్టియర్ పిల్ల వల్ల తెలిసింది. నా టైమ్‌లో రైలుకు పోయేవాళ్లం డబ్బా నిండా ఉండేవాళ్లం. ఒక్కరం కూడా నోరు తెరిచి అడగలేదు.

సెమినార్ ఎలా జరిగిందంటే, ప్రొజెక్టర్ పనిచేయలేదు. ఫోన్‌లో ఫొటోలు తీసి బెంచీ బెంచీకీ పంపించింది. అయిదు నిమిషాలది మూడు నిమిషాల్లో అయిపోయింది, చేతులు వణికాయి, 'చిత్రలేఖనం' అనబోయి నోరు తిరగక 'బొమ్మలు' అనేసింది. ప్రైజ్ ఏం లేదు. భీమ్‌బెట్కా సీనియర్ వచ్చి, "అక్కడికి బస్సుంటదా?" అని అడిగాడు.

అన్నీ ఇలా కలిసిరాలేదు. 'ఇంటర్నేషనల్ సర్టిఫికెట్' అని రెండు గంటల ఆన్‌లైన్ వర్క్‌షాప్‌కు ఇద్దరూ చెరో మూడు వందలు కట్టారు. సర్టిఫికెట్‌లో పేరు తప్పు, తీసుకున్న వాడు మళ్లీ పలకలేదు. ఫస్టియర్ పిల్లలకు ఈ సర్టిఫికెట్ల పిచ్చి ఎవరు ఎక్కించారో గానీ, డబ్బు కట్టి తెచ్చుకునే కాగితం కంటే స్వయం పోర్టల్‌లో ఒక్క కోర్సు పూర్తిగా చేయడం నయం. అందులో పాఠాలు ఫ్రీ. పరీక్ష రాసి సర్టిఫికెట్ తీసుకోవాలంటేనే ఫీజు. మీ యూనివర్సిటీ ఒప్పుకుంటే క్రెడిట్లు కూడా కలుస్తాయి.

నిట్ ఫెస్టులకు పోవాలా అని చాలామంది అడుగుతారు. వరంగల్ నిట్‌లో టెక్నోజియాన్, స్ప్రింగ్‌స్ప్రీ జరుగుతాయి, బయటి కాలేజీల పిల్లలూ పోటీల్లో పేరు ఇచ్చుకోవచ్చు. 1959లో నెహ్రూ శంకుస్థాపన చేసిన క్యాంపస్ అది, గేటు లోపలికి పోయి చూసినా కొంత బెరుకు పోతుంది. చేతిలో డబ్బుంటే పోండి. లేకపోతే అప్పు చేసి పోయేంత ఏం లేదు.

వీటన్నిటికంటే ఫస్టియర్‌లోనే తేల్చుకోవాల్సింది ఎన్‌సీసీ, ఎన్‌ఎస్‌ఎస్. ఎన్‌సీసీలో సీ సర్టిఫికెట్ మూడో ఏడాదికి వస్తుంది. సెకండియర్‌లో చేరితే డిగ్రీ అయ్యేలోపు అక్కడి దాకా పోవడం కష్టం. ఆ సర్టిఫికెట్ మంచి గ్రేడ్‌తో, డిగ్రీలో 50 శాతం మార్కులతో ఉంటే, ఆర్మీ ఆఫీసర్ పోస్టులకు ఎన్‌సీసీ స్పెషల్ ఎంట్రీలో రాత పరీక్ష ఉండదు, షార్ట్‌లిస్ట్ అయితే నేరుగా ఎస్‌ఎస్‌బీ ఇంటర్వ్యూకే పిలుస్తారు. అమ్మాయిలకూ ఉంది. మూడేళ్ల తర్వాత ఈ సంగతి తెలిసి తల కొట్టుకున్నవాళ్లు నాకు కనీసం నలుగురు తెలుసు.

మా పిల్లలిద్దరూ ఎన్‌ఎస్‌ఎస్‌లో చేరారు. 1969 సెప్టెంబర్ 24న, గాంధీ శతజయంతి ఏడాదిలో, 37 యూనివర్సిటీలతో మొదలైన పథకం అది. ఏడాదికి 120 గంటలు, రెండేళ్లకు 240. వాళ్ల బ్యాడ్జి చూశారా? కోణార్క్ రథచక్రం. దాంట్లో ఎనిమిది కడ్డీలు, రోజులో ఎనిమిది జాములకు గుర్తు. ఎప్పుడు పిలిచినా వస్తామని అర్థం.

ఎప్పుడు పిలిచినా! అక్కడే మళ్లీ చిక్కొచ్చింది.

రెండేళ్లలో ఒకసారి ఏడు రోజుల స్పెషల్ క్యాంపు ఉంటుంది. ఒక ఊరికి పోయి అక్కడే ఉండాలి. వీళ్ల క్యాంపు వచ్చే నెలలో. స్కూల్ బిల్డింగులో బస, అమ్మాయిలకు వేరే గదులు, తోడుగా ఇద్దరు మేడమ్‌లు. మా బావ మొదట గునిసాడు, తర్వాత టార్చ్‌లైట్ కొనిచ్చాడు. జనగామ పిల్ల వాళ్ల నాయిన మాత్రం ఒక్క మాటే అన్నాడట. "పొద్దుమీకి ఇంటికొచ్చే చదువైతెనే చదువు. రాత్రులు బయట పండేదైతే ఈ ఏడుతోనే బంజెయ్."

ఆయన చెడ్డవాడు కాదు. గోనెసంచిలోకి గునుగు కోసిచ్చింది ఆయనే. తెల్లారుజామున బ్యాటరీ లైటు పట్టుకొని గట్ల వెంట తిరిగాడట. కానీ ఆయన చూసిన లోకంలో ఆడపిల్ల ఏడు రాత్రులు బయట ఉండటమంటే ఒకటే అర్థం. క్యాంపు మాట వదిలేస్తే పోయేదేం లేదు అని నేను అనుకుందామనుకున్నాను. అయితే ఆయన నోటి నుంచి 'బంజెయ్' అన్న మాట వచ్చింది. ఒకసారి వచ్చిన మాట మళ్లీ వస్తుంది. ఈసారి క్యాంపుకు వచ్చింది, రేపు ఫీజుకు వస్తుంది, ఎల్లుండి సంబంధానికి వస్తుంది.

మా పిల్ల నాకు ఫోన్ చేసింది. "చిన్నమ్మా, నువ్వు పెద్దదానివి గదా, ఒకసారి ఆ బాపుతోని మాట్లాడరాదూ."

ఏం మాట్లాడాలో నాకూ పూర్తిగా తెలియదు. ప్రోగ్రామ్ ఆఫీసర్ మేడమ్ నంబర్ రాసుకున్నాను. క్యాంపు పెట్టే ఊరికి ఆయనే వచ్చి ఒకసారి చూసుకోవచ్చని మేడమ్ అన్నారు, ఆ మాట చెప్తాను. నా లైబ్రరీ కథ చెప్పాలా వద్దా అని ఆలోచిస్తున్నా. ఆయనకు అది నవ్వులాటగా అనిపించొచ్చు. సేమ్యా పాయసం పెడితే తినాలి, తొందరపడి లేవకూడదు అని మాత్రం అనుకున్నాను.

హైదరాబాద్ నుంచి జనగామకు నేరుగా పోవచ్చు, అదే దగ్గర. అయినా రేపు హన్మకొండ దాకా పోయి, ఆ పిల్లతో కలిసి వెనక్కి వస్తున్నాను. కిటికీ పక్క సీట్లో కర్చీఫ్ వేసి ఆపుతానంది. నాలుగున్నర బస్సులో.